దండెం మీది బట్టకూ ఒక లెక్క ఉంది
చినిగితే మాసిక, మాస్తే కుంకుడు, మందు కొట్టేటప్పుడు గంజి

విజయవాడ: ఎకరాకు ఎన్ని బస్తాల ఎరువు వేశాడో, నాట్లకు ఎంతమంది కూలీలు పట్టారో రైతు వేళ్ళమీద లెక్క చెబుతాడు. ఏడాదికి ఇంట్లో బట్టలకు ఎంతయిందని అడిగితే మాత్రం తడుముకుంటాడు. సంక్రాంతికో జత, పెళ్ళిళ్ళకో జత, మధ్యలో పనికని ఒక లుంగీ, ఒక చొక్కా. అలా పోవడమే గాని కూర్చుని లెక్క కట్టింది లేదు. అరెకరం, ఎకరం సొంతంగా చేసుకునేవారికీ, కౌలుకు చేసేవారికీ ఇది చిన్న ఖర్చేమీ కాదు. పైగా పొలం బట్ట తొందరగా పోతుంది. బురద, చెమట, ఎండ, ముళ్ళకంప అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి.

ముప్పై, నలభై ఏళ్ళ కిందట డెల్టా పల్లెల్లో ఏ ఇంటికి వెళ్ళినా గూట్లో ఒక పాత డబ్బా ఉండేది. రెండు మూడు సైజుల సూదులు, తెల్లదారం, నల్లదారం, ఊడిపోయిన గుండీలు, ఒక దబ్బనం, పాత చొక్కాల ముక్కలు అందులో దాచేవారు. మా ఇంట్లో అది బిస్కెట్ల డబ్బా. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ అరుగు మీద ఆ డబ్బా ముందేసుకుని కూర్చునేది. నాన్న పొలం చొక్కా, మా నిక్కర్లు, ధాన్యం గోతాలు అన్నీ ఆ సూది కిందికే వచ్చేవి. అప్పుడు దాన్ని ఎవరూ విద్య అనుకోలేదు. ఇప్పుడు ఆ డబ్బాలు చాలా ఇళ్ళలో కనిపించడం లేదు. ఒక్క గుండీ ఊడితే చాలు, చొక్కా మూలన పడుతోంది.

ఈ పాత పనులు మళ్ళీ నేర్చుకోవడం వల్ల మిగిలేది డబ్బొక్కటే కాదు. మందు కొట్టే రైతు ఒంటికీ, ఆ బట్టలు ఉతికే ఇల్లాలి ఆరోగ్యానికీ, మిషన్ల దగ్గర పనిచేసేవారి ప్రాణానికీ ఇది సంబంధించిన విషయం.

కంట్రోలు కాలం నేర్పిన పాఠం

బట్ట విలువ మన పెద్దలకు బాగా తెలుసు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధీజీకి అందించిందీ ఆ సమావేశాల్లోనే. ఇంట్లో వడికిన నూలుతో నేయించుకున్న బట్టను చినిగిందని పారేసేవారు ఎవరుంటారు? తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, నూలు మీద, గుడ్డ మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. ఆ కరువు రోజుల్లో మాసిక వేయని పంచె కనిపించేది కాదని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఇంగ్లండులో 1941 నుంచి 1949 వరకు బట్టలకు కూపన్లు ఉండేవి. ఉన్నదానితో సరిపెట్టుకుని చినిగింది కుట్టుకోండని చెప్పే పుస్తకాన్ని అక్కడి ప్రభుత్వమే 1943లో అచ్చు వేసింది. జపాన్ ఉత్తర ప్రాంతంలో పేద రైతులు మాసిక మీద మాసిక వేసి తరతరాలు వాడిన బట్టలను ఈనాడు మ్యూజియాల్లో పెట్టి చూపిస్తున్నారు. మాసిక వేసుకోవడం నామోషీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఉతకక ముందే కుట్టాలి

అందరూ చేసే తప్పు ఒకటుంది. చినిగిన బట్టను ముందు ఉతికి, ఆరేసి, తర్వాత తీరిగ్గా కుడదాంలే అనుకుంటారు. బండ మీద నాలుగు బాదులు పడేసరికి వేలెడు చిరుగు జానెడవుతుంది. మిషనులో వేసినా అంతే. మరీ మురికిగా ఉంటే చేత్తో మెల్లగా జాడించి, కుట్టి, ఆ తర్వాత ఉతకాలి.

కుట్టు ఊడినచోట: గుడ్డ చినగకుండా కుట్టు మాత్రమే ఊడితే పని తేలిక. బట్టను తిరగేసి, ఊడిన చోటుకు అంగుళం ఇవతల నుంచి అంగుళం అవతల దాకా కుట్టాలి. సూది ఒక అడుగు ముందుకు వేసి, అర అడుగు వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు వెళ్ళాలి. ఇలా వెనక్కి వచ్చే కుట్టు మిషను కుట్టులాగే గట్టిగా నిలుస్తుంది. చంకలు, ప్యాంటు కూర్చునే భాగం దగ్గర ఇదే వేయాలి.

మాసిక: మోకాలు, మోచెయ్యి, భుజం దగ్గర చిల్లు పడితే మాసిక వేయాలి. కొత్త గుడ్డతో వేయకూడదు. కొత్తది ఉతుకులో కుంచించుకుపోయి చుట్టూ ఉన్న పాత గుడ్డను లాగి చింపుతుంది. అదే రకం పాత గుడ్డ, రెండు మూడు ఉతుకులు చూసింది తీసుకోవాలి. చిల్లుకు నాలుగువైపులా అంగుళం చొప్పున ఎక్కువ ఉండేలా కత్తిరించాలి. మాసిక పడుగు పోగులు, బట్ట పడుగు పోగులు ఒకే దిక్కుకు ఉండాలి. అడ్డంగా వేస్తే ముడతలు పడుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేచిపోవు. మాసికను లోపలివైపు పెట్టి, అంచులు మడిచి దగ్గర దగ్గరగా కుట్టాలి. పైన చిల్లు అంచులను కూడా లోపలికి మడిచి మాసికకు కుట్టేయాలి.

రఫ్ పని: నిప్పురవ్వ పడో, మేకు తగిలో చిన్న చిల్లు పడితే మాసిక అక్కర్లేదు. మగ్గం మీద నేసినట్టే సూదితో నేయాలి. చిల్లుకు అర అంగుళం దూరంలో గట్టిగా ఉన్న గుడ్డ దగ్గర మొదలుపెట్టి, ముందు నిలువుగా దారాలు పక్కపక్కనే వేయాలి. తర్వాత అడ్డంగా ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి సూదిని పోనివ్వాలి. దారం బిగించకూడదు. మలుపు దగ్గర కొంచెం వదులు ఉంచాలి. లేకపోతే ఉతికాక గుంజుకుంటుంది. అదే బట్ట లోపలి మడత నుంచి లాగిన పోగు దొరికితే అతుకు కనిపించదు.

నడుమ పలచబడ్డ దుప్పటి: దుప్పటి, పంచె నడుమ నలిగి పలచబడతాయి, పక్కలు మాత్రం గట్టిగానే ఉంటాయి. అలాంటప్పుడు పొడుగునా సరిగ్గా మధ్యకు చీల్చి, రెండు పక్కల అంచులను కలిపి కుట్టాలి. పలచబడ్డ భాగం పక్కలకు పోతుంది, గట్టి భాగం నడుమకు వస్తుంది. చీల్చిన అంచులు మడిచి కుడితే దుప్పటి మరికొన్నాళ్ళు పనిచేస్తుంది. చొక్కా కాలరు అరిగితే విప్పి, తిరగేసి కుట్టడం పాత టైలర్లకు మామూలు పనే. ఇప్పటికీ అడిగితే చేసిపెట్టేవారున్నారు.

గుండీ: గుండీని గుడ్డకు అతికించినట్టు బిగించి కుట్టకూడదు. గుండీకీ గుడ్డకూ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల తీసేసి, ఆ వదులు దారం చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడివేయాలి. ఇలా వేసిన గుండీ తొందరగా ఊడదు.

వేలాడే చెంగు మిషనుకు మేత

చినిగిన బట్టతో పొలం పని చేస్తే ఏమవుతుందిలే అనుకోవడం ప్రమాదం. ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టు మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. వేలాడే దారమో, చినిగిన లుంగీ అంచో, మెళ్ళో తువ్వాలో, చీర చెంగో దానికి చిక్కితే చెయ్యి వెనక్కి తీసుకునేంత వ్యవధి కూడా ఉండదు. నూర్పిడి మిషను, గడ్డి కత్తిరించే మిషను, ఇంజను బెల్టు దగ్గరా ఇదే ముప్పు.

మిషను దగ్గరకు వెళ్ళేవారు చినిగిన అంచు కుట్టించుకున్న తర్వాతే వెళ్ళాలి. చేతుల గుండీలు పెట్టుకోవాలి. తువ్వాలు తలకు బిగించి కొస లోపలికి దోపాలి. ఆడవాళ్ళు చెంగు నడుముకు బిగించి, పైన పాత చొక్కా తొడుక్కోవాలి. షాఫ్టు మీద కవరు లేకపోతే దగ్గరకు పోకూడదు.

మందు కొట్టిన చొక్కా

ఇది జాగ్రత్తగా చదవాల్సిన భాగం. నా చిన్నతనంలో మా పెదనాన్న సార్వా వరికి మందు కొట్టి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేశారు. మర్నాడు మా పెద్దమ్మ దాన్ని మిగతా బట్టలతో కలిపి నానబెట్టి ఉతికింది. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, కళ్ళు మసకలు. ఆసుపత్రికి తీసుకువెళితే, మీరేమైనా మందు కొట్టారా అని డాక్టరు అడిగారు. కొట్టింది ఆమె కాదు. ఉతికింది ఆమె. ఈ తేడా ఆ రోజుదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దేవుడి దయవల్ల ఆమె కోలుకుంది.

మందు కొట్టేటప్పుడు వేసుకునే బట్టల విషయంలో కింది పద్ధతులు తప్పకుండా పాటించాలి.

మందు కొట్టడానికి నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు విడిగా ఒక జత ఉంచుకోవాలి. వాటిని వేరే పనికి వాడకూడదు. చిన్న చిల్లున్నా మాసిక వేసిన తర్వాతే తొడుక్కోవాలి. చిల్లుంటే మందు నేరుగా చర్మానికి తగులుతుంది.

పని అయిన వెంటనే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. విప్పిన బట్టలు ఆ రోజే ఉతకాలి. నిలవ ఉంచిన కొద్దీ మందు పోగుల్లోకి ఇంకి వదలదు.

ఇంటిల్లిపాది బట్టలతో, ముఖ్యంగా పసిపిల్లల బట్టలతో కలపకూడదు. బకెట్టు కూడా విడిగా ఉండాలి.

ఉతికేవారు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ముందు ఉత్త నీళ్ళలో జాడించి ఆ నీళ్ళు పారబోయాలి. తర్వాత వేడినీళ్ళు, డిటర్జెంటు పొడితో రెండు మూడు సార్లు ఉతకాలి.

కాలవ రేవులో, చెరువులో, బావి గట్టున ఈ బట్టలు ఉతకరాదు. పశువులు తాగే నీళ్ళు, చేపలు పెరిగే నీళ్ళు అవే గదా. జాడించిన నీళ్ళను బావికి, కాలవకు, పశువుల పాకకు దూరంగా ఖాళీ నేల మీద పారబోయాలి.

ఎండలోనే ఆరేయాలి. బకెట్టును కూడా సబ్బుతో కడగాలి.

నీళ్ళు కలపని చిక్కటి మందు, అందులోనూ డబ్బా మీద ఎర్ర త్రికోణమో, పసుపు త్రికోణమో ఉన్నది, ఒలికి బట్ట తడిసిపోతే దాన్ని ఉతికి దాచుకోవద్దు. పిల్లలకూ పశువులకూ అందకుండా సంచిలో కట్టి పారేయాలి. మసిగుడ్డగా కూడా పనికిరాదు.

ఇక్కడ మన పాత గంజి అక్కరకు వస్తుంది. నూలు బట్టకు చిక్కగా గంజి పెట్టి ఆరబెడితే పోగుల మీద ఒక పొర ఏర్పడుతుంది. మీద పడిన మందును ఆ పొర కొంతవరకు పట్టి ఉంచుతుంది. ఉతికినప్పుడు గంజి వదులుతూ తనతోపాటు మందును కూడా తీసుకుపోతుంది. విదేశాల్లో వ్యవసాయ విస్తరణ శాఖలు సైతం రైతులకు ఈ సలహా ఇచ్చాయి. అయితే ప్రతి ఉతుకు తర్వాత మళ్ళీ గంజి పెట్టాలి. బట్ట తడిసి ముద్దయితే గంజి కాపాడలేదు. కాబట్టి ప్లాస్టిక్ ఏప్రను, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు మానేసి గంజి మీద ఆధారపడకూడదు.

ఇంకో మాట. మందు కొట్టినవారే ఆ బట్టలు ఉతుక్కోవడం న్యాయం. బాలింతలు, గర్భిణులు వాటిని అసలు ముట్టుకోకూడదు. ఉతికాక తలతిరగడం, విపరీతమైన చెమట, వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా మందు డబ్బా లేబులుతో సహా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఉతుకు, మరకలు

ఒకప్పుడు రజకులు బట్టలను చౌడు నీళ్ళలో నానబెట్టి, బాన మీద ఆవిరి పట్టి, రేవులో బండమీద ఉతికి తెచ్చేవారు. వారి కష్టానికి కళ్ళం దగ్గర ధాన్యం కొలిచి ఇచ్చేవారు. చౌడులో సోడా గుణం ఉంది, అదే మురికిని కోస్తుంది. ఆవిరికి పేలు, క్రిములు చస్తాయి. ఆ పనిలో ఇంత శాస్త్రం ఉంది. అయితే సోడా నూలుకే గాని పట్టుకు, ఉన్నికి పనికిరాదు.

పట్టుచీరలకు, రంగు వదిలే బట్టలకు కుంకుడు రసం మేలు. గింజలు తీసిన కాయలను రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి, వడగట్టి ఆ నురగలో ముంచి తీయాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, గరుగ్గా ఉంటాయి. వాటిలో సబ్బు విరిగిపోతుంది, తెల్లబట్ట బూడిదరంగుకు తిరుగుతుంది. అలాంటిచోట వాననీళ్ళు పట్టి ఆఖరి జాడింపుకైనా వాడుకోవాలి.

పొలం బురద: పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, అప్పుడు నానబెట్టాలి. తడిమీద రుద్దితే పోగుల్లోకి దిగుతుంది.
రక్తం: చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది.
పసుపు: సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడనక్కర్లేదు. ఉతికి ఎండలో వేస్తే పోతుంది.
ఇనుప తుప్పు: తెల్లబట్ట మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి జాడించాలి.
గ్రీజు, నూనె: బియ్యప్పిండి చల్లి కాసేపు ఉంచి, దులిపి, సబ్బుతో రుద్దాలి.
అరటి జిగురు: ఆరిందంటే పోవడం కష్టం. గెలలు కోసేటప్పుడు పాతబట్టలు కట్టుకోవడమే ఉపాయం.

వరద ముంచిన బట్టలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, చుట్టుపక్కల ప్రాంతాలు మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించిన రోజులవి. నీళ్ళు తీశాక బీరువాల్లోంచి బురద ముద్దలుగా వచ్చిన బట్టలను ఏం చేయాలో తెలియక ఎందరో రోడ్డు మీద పోసేశారు. దివిసీమ వాళ్ళకు 1977 నవంబరు 19 ఉప్పెన నాటి సంగతి చెప్పనక్కర్లేదు, కట్టుబట్ట విలువ వారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

వరద బురద, పొలం బురద ఒకటి కాదు. అందులో మురుగు కలుస్తుంది. కాబట్టి ఆరనివ్వకుండా వెంటనే మంచినీళ్ళలో రెండు మూడు సార్లు జాడించి, తర్వాత వేడినీళ్ళతో, డిటర్జెంటుతో ఉతకాలి. చేతి తొడుగులు వేసుకోవాలి. తడిబట్టలు కుప్ప పోయకూడదు, రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, బూజు పడుతుంది. తెల్ల నూలు బట్టలకు మాత్రమే కొంచెం బ్లీచింగ్ పౌడరు నీళ్ళు వాడవచ్చు. పట్టుకు, రంగులకు వద్దు. బ్లీచింగ్‌లో యాసిడ్ గాని, బాత్రూం కడిగే మందులు గాని కలపరాదు. విషవాయువు వస్తుంది.

దాచుకునే పద్ధతి

గంజి పెట్టిన బట్టలను వానాకాలంలో పెట్టెలో దాచవద్దు. గంజికి బొద్దింకలు, వెండిపురుగులు చేరి బట్ట కొరుకుతాయి. ఉత్త నీళ్ళలో గంజి వదలగొట్టి, బాగా ఆరాకే మడతపెట్టాలి. జరీ చీరలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత నూలు పంచెలో చుట్టాలి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గరే చీర చీలుతుంది. పెట్టెలో ఎండు వేపాకు మూట వేసుకోవచ్చు. కలరా ఉండలు వాడితే పిల్లలకు అందనివ్వకూడదు. ఆ వాసన ఉన్న గుడ్డలు పసిబిడ్డలకు వేస్తే కొందరిలో రక్తం దెబ్బతినే ప్రమాదం ఉంది.

పెడన కలంకారీ బట్టలున్నవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. కరక్కాయ, పాలలో గుడ్డను తడిపి, తుప్పు ఇనుము, బెల్లంతో నలుపు, పటికతో ఎరుపు పట్టించి, కాలవ నీళ్ళలో జాడించి చేసే పని అది. సోడా సబ్బు పెట్టకుండా కుంకుడుతో విడిగా ఉతికి, నీడలో ఆరేస్తే రంగు నిలుస్తుంది.

గోతాం, బరకం, బొంత

సూది పని ఇంట్లో బట్టకే పరిమితం కాదు. నూర్పిళ్ళకు ముందు గోతాలన్నీ ఎండలో వేసి, దులిపి, వెలుతురుకు పట్టి చూడాలి. చిల్లులుంటే పాత గోతాం ముక్కను లోపలివైపు పెట్టి దబ్బనం, పురికొసతో కుట్టాలి. కుట్టని చిల్లులోంచి కారిన గింజలు దారిపొడుగునా పోతాయి. బరకానికి పడిన చిన్న చిరుగును వాన రాకముందే అతికించాలి. ఆ ఒక్క చిరుగు దగ్గరే రాశి తడిసి, గింజ రంగు మారి, మొలకలు వస్తాయి. పురుగు మందులు తెచ్చిన సంచులను మాత్రం ధాన్యానికి గాని, పడుకోవడానికి గాని వాడకూడదు.

ఇక కుట్టడానికి వీల్లేనంతగా నలిగిన చీరలు బొంతలకు వస్తాయి. నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, అంచులకు కుట్టు వేసి, తర్వాత బెత్తెడు దూరంలో వరసగా కుట్టుకుంటూ పోతే చలికాలానికి బొంత తయారవుతుంది. మెత్తటి పాత నూలు చీరకంటే పసిబిడ్డకు మంచి గుడ్డ లేదు.

ఇవన్నీ చేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక డబ్బా, సూదులు, దారం, వారానికో పూట తీరిక చాలు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా గుండీ కుట్టడం, మాసిక వేయడం నేర్పాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని పెద్దలు ఊరికే అనలేదు. ఈ వారం దండెం మీది బట్టలు ఒకసారి తిరగేసి చూడండి. మందు కొట్టే చొక్కాతో మొదలుపెట్టండి.